నిన్నకి అరగంట దూరం

“ఈ దీవిలో బుర్ర పనిచేసే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఎవరో చెప్పడానికి నా వినయం అడ్డొస్తోంది,” అన్నాడు తాలాలెలెయి, గుండెల మీద చెయ్యి వేసుకుని.

చాపల మీద కూర్చున్న ఇంటిల్లిపాదీ వినయం గెలుస్తుందేమోనని ఒక నిమిషం ఆశగా చూశారు.

“ఆ ఒక్కడూ నేనే,” అన్నాడు.

ఆ పేరుకి సమోవా భాషలో శుభవార్త అని అర్థం. అతను గుమ్మంలోకి వస్తే మాత్రం జనం పిల్లల్ని, కూర గిన్నెల్ని లోపలికి లాక్కునేవారు. కుదించి తాలా అని పిలిచేవారు. రెండేళ్ళు న్యూజీలాండ్‌లో ఆపిల్ కోతకి వెళ్ళి, సాయంత్రాలు కూలీల బసలో టీవీ ముందు కూర్చుని, అపరాధ పరిశోధన అంతా నేర్చేసుకుని వచ్చాడు. ఆపిల్ కోయడం నేర్చుకున్నాడో లేదో తెలియదు. వస్తూ వస్తూ మోకాళ్ళ దాకా వేలాడే ఉన్ని కోటు ఒకటి, భూతద్దం ఒకటి తెచ్చాడు. సమోవా రాజధాని అపియా ఎండలో లుంగీ మీద ఆ కోటు తొడుక్కుని తిరుగుతుంటే చెమట ధారలు కట్టేది. “మెదడు వేడెక్కితే ఇలాగే కారుతుంది,” అనేవాడు. మొన్న పాస్టరుగారి కోడి మాయమైన కేసులో మూడు రోజులు శోధించి, చివరికి పాస్టరమ్మగారు వండిన ఆ కోడినే తృప్తిగా తిని, రుచి బాగుందని మెచ్చుకుని, దొంగ దేశం దాటేశాడని తేల్చాడు.

ఇప్పుడతను భూతద్దంలోంచి చూస్తున్నది ఎతి ముక్కుని.

ఎతి టాక్సీ నడుపుతాడు. పక్క దీవి నుంచి వచ్చి, లూపెని చేసుకుని, రెండేళ్ళుగా అత్తగారింట్లో ఇల్లరికం ఉంటున్నాడు. ఇల్లరికపు అల్లుడికి ఆ ఇంట్లో పొయ్యి రాళ్ళు వేడెక్కించే హక్కుంది, దుంపలు చెక్కే హక్కుంది. మాట్లాడే హక్కు మాత్రం అందరూ మాట్లాడేశాక మిగిలితే వస్తుంది. ఇంతవరకూ ఒక్కసారీ మిగల్లేదు.

“నేరం జరిగింది,” అన్నాడు తాలా గొంతు తగ్గించి. “నేరస్థుడు ఈ ఇంటి కప్పు కిందే ఊపిరి పీలుస్తున్నాడు.”

“ఊపిరి అందరం పీలుస్తున్నాం అన్నయ్యా,” అంది లూపె. తాలా ఆమె పిన్ని కొడుకు.

“అందుకే కేసు కష్టం.”

పోయింది చాప. పోయిందో లేదో కూడా తెలియదు, రాలేదంతే. శనివారం పొద్దున లూపె తల్లి ఎపెనేసా తన తమ్ముడికి కుటుంబ పెద్ద బిరుదు కట్టబెట్టబోతోంది. ఆ వేడుకలో అందరి ముందూ విప్పి చూపించాల్సింది వాళ్ళ నాయనమ్మ అల్లిన తోగా చాప. అది కింద పరుచుకునే చాప కాదు. ఆకు నారని వెంట్రుక మందాన చీల్చి ఏళ్ళ తరబడి అల్లింది, పట్టుబట్టలా చేతిలోంచి జారిపోతుంది, అంచున ఎర్ర ఈకలుంటాయి. దాని వయసు పెరిగిన కొద్దీ ఇంటి పరువు పెరుగుతుంది. అది లేకుండా వేడుక చేస్తే వచ్చిన చుట్టాలు పెదవి విప్పరు. ఇళ్ళకి వెళ్ళాక విప్పి పదేళ్ళ దాకా మూయరు.

ఆ చాప ఇన్నాళ్ళూ పాగోపాగోలో ఎపెనేసా అన్నగారి దగ్గరుంది. పాగోపాగో అమెరికావాళ్ళ కింద ఉన్న సమోవాలో ఊరు. విమానం ఎక్కి, పక్కనున్నవాడి మేనమామ ఎవరో కనుక్కునే లోపు దిగిపోవచ్చు. అరగంట, మహా అయితే ఇంకో పది నిమిషాలు. చేతి గడియారం తిప్పుకునే పని కూడా లేదు. ఇక్కడ సాయంత్రం అయిదైతే అక్కడా అయిదే. తేడా అంతా రోజులో ఉంది. ఆ రెండు ఊళ్ళ మధ్య సముద్రం మీదుగా తేదీ గీత పోతుంది. ఇక్కడ శుక్రవారం అయితే అక్కడ ఇంకా గురువారమే. ముళ్ళు తిప్పాల్సిన పనే ఉంటే చేతికి గుర్తుండేది. వారం తిప్పుకోవడం ఎవరికీ గుర్తుండదు. అందుకని ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు మర్యాద తెలిసినవాళ్ళు అవతలివాళ్ళ రోజే చెబుతారు. ఎవరు ఎప్పుడు మర్యాద పాటించారో తెలియకపోవడం వల్ల ఆ సముద్రానికి రెండు వైపులా ఎన్నో విందు పందులు ఒకరోజు ముందే కాలిపోయాయి.

అన్నగారు ఫోన్లో చెప్పింది ఒక్క ముక్క. “లోసా గురువారం విమానానికి వస్తోంది. చాప తన చేతుల్లోనే ఉంటుంది.”

లోసా అంటే ఆయన కిందటేడు చేసుకున్న రెండో భార్య. ఆ పెళ్ళికి ఈ ఇంటి నుంచి వెళ్ళింది ఎపెనేసా ఒక్కతే. మిగతావాళ్ళెవరూ ఆవిడ మొహం చూడలేదు.

“ఎవరి గురువారం అత్తయ్యా?” అని అప్పుడే అడగబోయాడు ఎతి.

“మా అన్న ఎప్పుడూ మన రోజే చెబుతాడు. మర్యాద తెలిసినవాడు,” అంది ఎపెనేసా. ఆ మాటలో మర్యాద తెలియనివాడెవడో కూడా ఉంది. ఎతి నోరు మూసుకుని గురువారం విమానాశ్రయానికి వెళ్ళాడు. విమానం దిగింది, లోసా దిగలేదు. ఒట్టి చేతులతో ఇంటికొచ్చేసరికి తాలా కోటు తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు.

“విమానంలోంచి ఎవరెవరు దిగారు బావా?” అన్నాడు తాలా.

“ఇద్దరు నర్సులు, ఒక ముసలాయన, టైరు పట్టుకుని ఒక కుర్రాడు.”

“లోసా?”

“ఆవిణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు. చాప చుట్ట పట్టుకున్న ఆడమనిషి మాత్రం ఎవరూ దిగలేదు.”

“చూడని మనిషిని చూడలేదని చెబుతున్నాడు. గమనించావా పెద్దమ్మా?”

“గమనించాను,” అంది ఎపెనేసా. ఏం గమనించిందో ఆమెకీ తెలియదు. కానీ అల్లుడి విషయంలో ఏదో ఒకటి గమనించడం ఆమెకి అలవాటు.

ఎతి ధైర్యం తెచ్చుకున్నాడు. “అత్తయ్యా, కోప్పడకండి. పెద్ద మామయ్యగారు వాళ్ళ గురువారం చెప్పారేమో. అలాగైతే మనకి రేపు. రేపటి విమానం కూడా చూద్దాం.”

ఇంట్లో అందరూ ఒకేసారి చేతిలోని విసనకర్రలు ఆపేశారు. ఎపెనేసా అన్నగారికి మర్యాద తెలియదని గానీ, ఎపెనేసాకి లెక్క తెలియదని గానీ ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఎతి ఒక్క దెబ్బకి రెండూ అనేశాడు.

తాలా విరగబడి నవ్వాడు. “బావా, శాస్త్రం విను. దూరం నూటయాభై కిలోమీటర్లు కూడా ఉండదు. విమానానికి అరగంట. అరగంటలో అన్నం ఉడకదు, రోజెలా మారుతుంది? గీత ఉందంటారు. నేను న్యూజీలాండ్ వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కిటికీకి మొహం ఆనించుకుని కూర్చున్నాను. నీళ్ళున్నాయి. గీత లేదు.”

“న్యూజీలాండ్ దారిలో గీత ఎందుకుంటుంది? అది ఇటు వైపు...”

“అనుమానితుడు మాట్లాడకూడదు!”

“నేను అనుమానితుణ్ణి కాదు, అవమానితుణ్ణి,” అన్నాడు ఎతి.

తాలా ఆ మాట పట్టించుకోకుండా లేచి టాక్సీ దగ్గరకి నడిచాడు. డిక్కీ తెరిచాడు. తల లోపల పెట్టాడు. మరుక్షణం చెట్ల మీది గబ్బిలాలు లేచిపోయేలా ఒక కేక వినపడింది.

“రక్తం!”

అందరూ పరిగెత్తారు. డిక్కీ మూల ఎర్రటి మరక. తాలా వేలితో తీసి నాలుక మీద రాసుకుని కళ్ళు మూసుకున్నాడు. “ఉప్పగా ఉంది. ఆడమనిషిది. నలభై దాటి ఉంటాయి. పెద్దమ్మా, గుండె రాయి చేసుకో. లోసా ఇక లేదు.”

లూపె వంగి వాసన చూసింది. “నిన్న కొన్న చేపల డబ్బా సొట్ట పడి పులుసు కారింది అన్నయ్యా. టమాటా పులుసు.”

“చాప కోసం వెతికితే చేప తగిలింది,” అన్నారు వెనకనుంచి ఎవరో.

“హంతకులందరూ ముందు టమాటా పులుసే అంటారు,” అన్నాడు తాలా. కానీ రెండోసారి కూడా నాకాడు.

ఎపెనేసా నవ్వలేదు. అన్నగారికి ఫోన్ చేసింది. ఆయన చేపల ఫ్యాక్టరీలో పని చేస్తాడు, పనిలోకి దిగితే ఫోను బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మోగి మోగి ఆగిపోయింది. ఆమె అల్లుడి వైపు తిరిగింది.

“చూడవయ్యా. ఆ చాప మా నాయనమ్మ కళ్ళు పోగొట్టుకుని అల్లింది. దాన్ని తీసుకురమ్మని నిన్ను పంపాను. చాప లేదు, మా వదిన లేదు, పైగా మా అన్ననే తప్పుపడుతున్నావు. శనివారం పొద్దున శంఖం ఊదేలోపు ఆ చాప ఈ ఇంట్లో ఉండకపోతే, నీ బట్టలు మూట కట్టుకుని మీ అమ్మ దగ్గరికి ఓడెక్కు. లూపె ఇక్కడే ఉంటుంది.”

లూపె తల్లి వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. ఆ రాత్రి ఎతి పక్కన పడుకుని, అతని చొక్కా కొస గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయింది.

శుక్రవారం తెల్లారేసరికి టాక్సీ తాళం తాలా మెడలో వేలాడుతోంది. ఎతి పొయ్యి దగ్గర కూర్చుని రేపటి వేడుకకి చేమదుంపలు చెక్కుతున్నాడు. తాలా ఆధారాల కోసం ఇల్లంతా గాలిస్తున్నాడు. ఆధారాలు అతనికి ఎక్కువగా ఆహారాల పక్కనే కనిపిస్తాయి. మధ్యాహ్నానికి కొబ్బరిపాలలో ఉడికిన సీమపనస ఒక గిన్నెడు, పంది చెవి ఒకటి పరిశోధనలో ఖర్చయిపోయాయి.

ఎండ వాలుతోంది. ఎతి చెయ్యి దుంప మీద, కళ్ళు ఆకాశం మీద ఉన్నాయి. ఇంకాసేపట్లో విమానం దిగుతుంది. దిగేది లోసాయే అయితే, రాత్రికి ఎక్కడో తెలియని ఊళ్ళో తెలియనివాళ్ళింట్లో పడుకుని, తెల్లారి ఇల్లు వెతుక్కుంటూ వచ్చేసరికి వేడుక అయిపోతుంది. అప్పటికి తను ఓడ మీద ఉంటాడు.

“తాలా, ఒక్కసారి విమానాశ్రయానికి పోయొద్దాం. నీ కాళ్ళు పట్టుకుంటాను,” అన్నాడు.

తాలా కళ్ళు చిట్లించాడు. “పారిపోదామనుకునే నేరస్థుడు మొట్టమొదట అడిగేది విమానాశ్రయమే బావా.”

“నువ్వు నా పక్కనే ఉండు. కావాలంటే నా లుంగీ పట్టుకో.”

“కుదరదు. నా మెదడు వేరే చోటికి రమ్మంటోంది. విమానంలో అరగంట. ఓడలో రాత్రంతా. దొంగ తెలివైనవాడైతే దేన్ని ఎంచుకుంటాడు? ఓడని! ఎందుకంటే అందరూ విమానం వైపే చూస్తారు. పద, రేవుకి. నేను నడుపుతాను, నువ్వు నోరెత్తకుండా పక్కన కూర్చో.”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తాలాకి బండి ముందుకి నడపడం వచ్చు. వెనక్కి నడపడం రాదు. “డిటెక్టివ్ వెనకడుగు వెయ్యడు,” అనేవాడు.

టాక్సీ ఇంటి ముందు నుంచి ఎగిరెగిరి రోడ్డు మీదకొచ్చింది. రేవుకి కుడికి తిరగాలి. కుడివైపు రోడ్డుకి అడ్డంగా ఎపెనేసా ముసలి పంది పదకొండు పిల్లలకి పాలిస్తూ పడుకుని ఉంది. తాలా హారన్ కొట్టాడు. అది ఒక చెవి ఎత్తి, దించింది. దాన్ని తప్పించబోయి తాలా స్టీరింగు ఎడమకి తిప్పాడు. ఎడమకి తిరిగిన బండి ఎడమకే పోయింది.

ఎతి సీట్లో నిటారుగా కూర్చున్నాడు. ఎడమవైపు దారి విమానాశ్రయానిది.

“ఎక్కడికి?” అన్నాడు, ఉండబట్టలేక.

“రేవుకే. ఇది చుట్టుదారి.”

“రేవు అటు కదా?”

“దీవి చుట్టూ రోడ్డుంది బావా. ఎటు పోయినా రేవొస్తుంది. భూగోళం గుండ్రంగా ఉందని నీకు బళ్ళో చెప్పలేదా?”

ఎతి నోరు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. తాలాకి దారిలో ఎక్కడా వెనక్కి తిరిగేంత వెడల్పు దొరకకూడదని వేడుకున్నాడు. దొరకలేదు. చర్చిలు వెనక్కి పోయాయి, అరటి తోటలు వెనక్కి పోయాయి. ఎండ నేరుగా కళ్ళల్లో పడుతోంది, తాలా చెమట స్టీరింగు మీద పడుతోంది. చివరికి బండి, గుండ్రంగా ఒక చుట్టు తిరిగి వెనక్కి రావడానికి వీలున్న మొట్టమొదటి చోటు చేరింది. ఆ చోటు విమానాశ్రయం ముందు ఆవరణ.

మెట్ల దగ్గర ఒక లావుపాటి ఆవిడ నిలబడి ఉంది. పూల గౌను, జుట్టులో మందార పువ్వు, చంకలో గుడ్డలో చుట్టిన తన ఎత్తు చుట్ట. టాక్సీని చూడగానే చెయ్యి ఊపింది.

“ఆగకు!” అని తనకి తనే చెప్పుకుని తాలా ఆగాడు. ఎతి చెవిలో గుసగుసలాడాడు. “ఇప్పుడు నేను టాక్సీ డ్రైవర్ని. ఎక్కించుకోకపోతే శత్రువులకి అనుమానం వస్తుంది. నువ్వు మాట్లాడావో, కేసు పాడవుతుంది.”

ఆవిడ వెనక సీటు నిండా కూర్చుంది. చుట్ట పట్టలేదు. దాని కొస రెండు ముందు సీట్ల మధ్య నుంచి వచ్చి తాలా చెవి కింద ఆనింది.

“అబ్బాయ్, ఈ రోడ్డు మీదే పోనీ. ముందు పెద్ద సీమపనస చెట్టు, ఎర్ర రేకుల కప్పు ఉన్న ఇల్లట. వస్తే చెబుతాను,” అంది. “అబ్బ, ఎంతసేపు నిలబెట్టారు! ఇటు నన్ను తీసుకెళ్ళేవాళ్ళు రాలేదు. అటు ఎక్కేటప్పుడు కాటా మీద నిలబెట్టి తూచారు. ఈ చుట్ట వదలనంటే ఇద్దర్నీ కలిపి తూచారు. కాటా దగ్గర కుర్రాడు నన్ను చూశాడు, విమానాన్ని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.”

ఎతి మెల్లగా తల తిప్పాడు. చుట్ట కొస దగ్గర గుడ్డ కాస్త తొలగి ఉంది. లోపల ఎర్ర ఈకలు.

“మాట్లాడకు,” అన్నాడు తాలా.

“మాట్లాడను,” అన్నాడు ఎతి. రెండేళ్ళలో ఆ మాట అంత సంతోషంగా ఎప్పుడూ అనలేదు.

“అమ్మా, ఆ చుట్ట కాస్త పక్కకి జరుపుకో. మెడకి గుచ్చుకుంటోంది. ముఖ్యమైన పని మీద వెళ్తున్నవాణ్ణి.”

“ఏం పని నాయనా?”

తాలా చుట్టూ చూశాడు. ఊళ్ళో ఎవరికీ చెప్పకూడని సంగతి కనక వెంటనే చెప్పేశాడు. “బయటికి పొక్కనీకు. నేను మామూలు డ్రైవర్ని కాదు, డిటెక్టివ్‌ని. ఒక తోగా చాప మాయమైంది. దాంతోబాటు లోసా అనే ఆడమనిషి కూడా.”

వెనక సీట్లో చిన్న దగ్గు వినపడింది. “ఎవరూ? లోసానా?”

“అవును. పాపం, చంపేశారు.”

“అయ్యో! ఎప్పుడు?”

“నిన్న సాయంత్రం.”

“నిన్న సాయంత్రం ఆవిడ ఏం చేస్తోందో పాపం.”

“ఏం చేస్తుంది, చచ్చిపోతూ ఉండి ఉంటుంది.”

“మనిషి ఎలా ఉంటుందేం?”

తాలా గొంతు సవరించుకున్నాడు. “ఆధారాలని బట్టి చూస్తే సన్నగా, పొడుగ్గా, భయం భయంగా ఉంటుంది. ఈ పక్కన కూర్చున్నాడే, వీడే ప్రధాన ముద్దాయి. మా బావే. ఇల్లరికం వచ్చాడు.”

ఆవిడ ముందుకి వంగి ఎతి మొహంలోకి చూసింది. ఎతి మొహంలో ఏం కనపడిందో గానీ నవ్వు పెదవుల మధ్య బిగపట్టింది. “ఏమయ్యా, నన్ను, అదే, ఆ లోసాని చంపావా?”

ఎతి తల అడ్డంగా ఊపాడు.

“సైగలు కూడా చెయ్యకూడదు!” అన్నాడు తాలా. “చాప దొరికితే గుర్తుపట్టడం నాకు ఎంతసేపు? ఆరు మైళ్ళ దూరం నుంచి వాసన పడతాను. అమ్మా, మళ్ళీ గుచ్చుకుంటోంది.”

అలా దారి పొడుగునా చాప చెవిలో పొడుస్తుంటే చాప ఎక్కడుంటుందో తాలా వివరించాడు. కుట్రలో జపాన్ వాళ్ళున్నారన్నాడు. ఒక జలాంతర్గామి కూడా ఉందన్నాడు. లోసా ప్రతిదానికీ “అమ్మో!” అంది. పొద్దు కుంకుతుండగా సీమపనస చెట్టు కనపడింది.

“అదిగో అబ్బాయ్, అదే ఇల్లు. ఆపు.”

తాలా అటు చూసి ఉలిక్కిపడ్డాడు. “ఆ ఇంటికా! నేరం జరిగిందే ఆ ఇంట్లో. అక్కడ దిగితే నీ ప్రాణానికి నేను పూచీ కాదు. ముందు రేవు. నిన్ను తెల్లారాక దింపుతాను.” కాలు గట్టిగా నొక్కాడు. బండి ఉరికింది.

“ఆపు తాలా! ఆవిడే!” అని అరిచాడు ఎతి, ఇక దాచుకోలేక.

“అనుమానితుడు మాట్లాడకూడదు!”

ఎతి స్టీరింగు మీదకి చెయ్యి చాపబోయాడు. అంతలో శంఖం మోగింది.

ఆ ఊళ్ళో పొద్దుగూకే వేళ సా మొదలవుతుంది. అంటే ఇంటింటా సాయంకాలపు ప్రార్థన. అది అయ్యేదాకా ఎవరూ నడవకూడదు, నవ్వకూడదు, బండి కదలకూడదు. ఊరి కుర్రాళ్ళు లుంగీలు ఎగగట్టి రోడ్డుకి అడ్డంగా నిలబడతారు. తలుపుల్లాంటి ఛాతీలు వాళ్ళవి. దొరలు వచ్చినా ఆగాలి. వెనక్కి పోవడం రాని తాలా ముందుకి పోలేక బ్రేకు తొక్కాడు. బండి ఎపెనేసా ఇంటి ఎదురుగా, ఇంకో అడుగు వేస్తే చాపల మీదకి ఎక్కేంత దగ్గరలో ఆగింది.

సమోవా ఇంటికి గోడలుండవు. లోపల ఎపెనేసా కళ్ళు మూసుకుని ప్రార్థన చదువుతోంది. బ్రేకు చప్పుడికి ఒక కన్ను తెరిచింది. టాక్సీ. ముందు అల్లుడు, తాలా. వెనక మందార పువ్వు పెట్టుకున్న తన వదిన. వదిన చేతిలో చుట్ట.

రెండో కన్ను కూడా తెరుచుకుంది. నోరు మాత్రం తెరవడానికి లేదు. దేవుడితో మాట్లాడుతున్న మనిషి మధ్యలో వదినతో మాట్లాడకూడదు. ఆమె చదువుతున్న ప్రార్థన ఒక్కసారిగా పరుగందుకుంది. అప్పటిదాకా ఒక్కొక్కర్నీ పేరుపేరునా కాపాడమని అడుగుతున్నది, ఇప్పుడు దీవులన్నిటినీ మూటగట్టి ఒక్క మాటలో దేవుడి చేతిలో పెట్టేసింది. బండిలో లోసా భక్తిగా తల వంచుకుని ఉంది, భుజాలు మాత్రం అదురుతున్నాయి. ఎతి ఆ రోజు చేసినంత మనస్ఫూర్తిగా ప్రార్థన ఎప్పుడూ చెయ్యలేదు. తాలా ఒక్కడే చెవి కింద దురద తట్టుకోలేక, గోక్కోవడం పాపమో కాదో తెలియక, మెలికలు తిరుగుతున్నాడు.

శంఖం మళ్ళీ మోగింది.

“వదినా!” అని ఎపెనేసా పెట్టిన కేకకి పంది లేచి నిలబడింది.

తాలా ఎగిరి బండిలోంచి దూకాడు. ఎవరు ఎవర్ని పిలిచారో అతనికి అర్థం కాలేదు గానీ కేక పడగానే ఎవరినో ఒకరిని పట్టుకోవాలని తెలుసు. వెనక తలుపు లాగి లోసా మణికట్టు పట్టుకున్నాడు. “కదిలావో! చాపతో సహా దొరికిపోయావు! పెద్దమ్మా, ఇదిగో దొంగ! లోసాని చంపి, చాప ఎత్తుకుని, ఈ ఇంటి మీదకే వస్తోంది. ఎంత తెగింపు!”

“ఒరేయ్, ఆవిడే లోసారా!” అంది ఎపెనేసా.

తాలా చేతిలోని మణికట్టు వైపు చూశాడు. దాన్ని మర్యాదగా కిందికి దింపాడు. భూతద్దం తీసి తుడిచాడు. అతని జీవితంలో మౌనంగా గడిపిన అతి పెద్ద సమయం అది, మూడు క్షణాలు ఉండొచ్చు.

“బతికే ఉందని నాకు మొదట్నుంచీ తెలుసు,” అన్నాడు. “హత్య అని ప్రచారం చేసింది శత్రువుల్ని నిద్రపుచ్చడానికి. మనిషినీ చాపనీ గుమ్మం దాకా చేర్చాను. కేసు ముగిసింది.”

కాదనడానికి ఎవరికీ వీల్లేకపోయింది. గుమ్మం దాకా చేర్చిన మాట నిజమే. చుట్టుపక్కల వాళ్ళు మూగారు. రోడ్డుకి అడ్డంగా నిలబడిన కుర్రాళ్ళు తాలా వీపు తట్టారు. రేపటి వేడుకలో పంది నడుం భాగం తాలాకి వెయ్యాలని ఒక పెద్దాయన అక్కడికక్కడే తీర్మానించాడు. ఇరవై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినాయన ఆయన.

చాప విప్పారు. దీపం వెలుగులో అది నీళ్ళలా జారింది. ఎపెనేసా అంచు మీది ఈకలు తడిమింది. తర్వాత కళ్ళు తుడుచుకుని అడిగింది. “ఒకరోజు ఆలస్యం అయిందేం వదినా? నిన్నటి నుంచీ మా ప్రాణాలు పోయాయి.”

“ఆలస్యమా?” అంది లోసా. “ఆయన గురువారమన్నారు, గురువారమే ఎక్కాను. అరగంటలో దిగితే ఇక్కడ శుక్రవారం. తెలిసిందే కదా.”

“అన్న మన రోజే చెబుతాడనుకుని...”

“నేనూ అదే అడిగాను, మీ రోజు చెప్పాలేమో అని. అక్కర్లేదన్నారు. ‘మా చెల్లెలు తెలివైంది, లెక్కేసుకుంటుంది’ అన్నారు.”

ఇంట్లో మళ్ళీ విసనకర్రలు ఆగాయి. అందరూ చాపలోని అల్లికని చాలా శ్రద్ధగా చూడసాగారు. లూపె ఒక్కతే అల్లిక చూడలేదు, మొగుణ్ణి చూసింది.

“అంటే,” అంది ఎపెనేసా, “మా అల్లుడు ఒకరోజు ముందు వెళ్ళాడన్నమాట.”

“అవునత్తయ్యా,” అన్నాడు ఎతి. రెండేళ్ళ ఇల్లరికంలో అతను నేర్చుకున్న మాటల్లో అన్నిటికన్నా పనికొచ్చేది అది.

లోసా గలగలా నవ్వింది. “పోన్లే, ముద్దాయి మంచివాడు. హత్య చేసిన మనిషిని ఇంటిదాకా దింపాడు.”

ఆ నవ్వుకి ఎపెనేసా మొహం ఎర్రబడింది. ఆమె లేచి తాలా దగ్గరకెళ్ళి, అతను పంది చెవి నములుతుండగా మెడలోంచి టాక్సీ తాళం తీసింది. ఎతి ముందు నిలబడి అతని అరచేతిలో పెట్టింది. మొహం పక్కకి తిప్పుకునే పెట్టింది.

“సోమవారం వదిన్ని విమానం ఎక్కించాలి. మా అన్నకి ఎప్పుడు దిగుతుందో చెప్పాలి,” అంది. జేబులోంచి ఫోను తీసి దాన్నీ తాళం పక్కన పెట్టింది. “నువ్వే చెప్పు.”

ఆ ఇంట్లో అన్నగారితో ఫోన్లో మాట్లాడే అధికారం ఇంతవరకూ ఆమెకొక్కదానికే ఉండేది. నములుతున్నవాళ్ళు నమలడం ఆపారు. ఎతి చేతిని లుంగీకి తుడుచుకుని ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఫ్యాక్టరీ పని అయిపోయినట్టుంది, రెండో మోతకే ఎత్తారు.

“పెద్ద మామయ్యగారూ, నేను ఎతిని. ఈ ఇంటి అల్లుణ్ణి. లోసా అత్తయ్యగారు క్షేమంగా చేరారు. తిరుగు ప్రయాణం మాకు సోమవారం. మీకు ఆదివారం సాయంత్రం దిగుతారు.”

“ఆదివారమా?” అన్నాడు అవతల ముసలాయన. “జాగ్రత్తగా చూడండయ్యా, మా చెల్లెలు లెక్క వేసిందిగా?”

ఎతి అత్తగారి వైపు చూశాడు. ఆమె ఎక్కడా లేని మరక ఒకటి చాప అంచున వెతుక్కుంటోంది.

“వేశారండి,” అన్నాడు ఎతి. “వేసి, నన్ను ఒకసారి సరిచూడమన్నారు.”